సుధన్వ రాసుకున్న ‘మొదలు’

ఆదోనిలో మఠం పూజారి సేతుమాధవరావుగారి కొడుకు సుధన్వకు డిగ్రీ ఆఖరి ఏడులో చూపు పూర్తిగా పోయింది. చిన్నప్పటి నుంచీ ఉన్న రెటీనా జబ్బు. అయినా అతను ప్రోగ్రామింగ్ వదల్లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో, వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే చిన్న చిన్న ప్యాకేజీలు రాసిచ్చే పని ఇంటి నుంచే చేసేవాడు.

కోడ్ రాయడం అతనికి కష్టం కాదు. కొత్త ప్యాకేజీ మొదలుపెట్టడమే కష్టం. ప్రతిసారీ ఒక ఫోల్డరు, పేరూ వెర్షనూ చెప్పే ఫైలు, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే పరీక్షల ఫైలు, లైసెన్సు అమర్చుకోవాలి. ఒక్క కమాండు కొడితే ఇవన్నీ తయారుచేసే టూల్ ఉంది గానీ, అది ఎంపికలను రంగుల్లో చూపించి బాణం మీటతో ఎంచుకోమంటుంది. చెవికి అదంతా గోల. అందుకని చెల్లెలు కృతి పక్కన కూర్చుని, "ఇంకొకటి కిందికి పో అన్నా... ఆ, ఆడ ఆగు" అని చెప్పేది.

కృతికి ఎమ్మిగనూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి గానీ రాదు. ఒకరోజు సుధన్వ ఒక్కడే ప్రయత్నించి, ఏదో తప్పు నొక్కి, పాత ఫోల్డరు మీదే కొత్త ఫైళ్లు రాయించేశాడు. చేసిన పనంతా పోయింది. కృతి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నేనింక ఈ పని చెయ్యలేను, కృతీ."

"పని నీకు రాకనా? ఆ టూల్ రాసినోళ్లు నిన్ను తలుచుకోలేదు, అంతే. నీ చెవికి తగినట్ల నువ్వే ఒకటి రాసుకో."

ఆ వేసవి సెలవులంతా ఇద్దరూ దాని మీదే కూర్చున్నారు. కోడ్ అతనిది, ప్రశ్నలు ఆమెవి. పిల్లలను అడిగినట్టు, ఒక్కో వాక్యంలో ఒక్కో ప్రశ్న: ప్యాకేజీకి ఏం పేరు పెడతారు? పరీక్షలు కావాలా? రంగుల్లేవు, బాణాల్లేవు. ఆ పేరుతో ఫోల్డరు ముందే ఉంటే ముట్టుకోకుండా ఆగి అడుగుతుంది. ‘మొదలు’ అని పేరు పెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకునేట్టు ఇంటర్నెట్‌లో ఉంచారు. రాసినవారి పేర్లలో సుధన్వ తనకంటే ముందు కృతి పేరు చేర్చాడు.

"నేనేం రాసినాను? అంతా నీదే కదా."

"ఇన్నేండ్లూ నా పక్కన కూచున్నావు. నీ పరీక్షలప్పుడు కూడా విసుక్కోలేదు" అన్నాడు.

కొన్నాళ్లకు మల్లేశ్వరి అనే అమ్మాయి ఫోన్ చేసింది. కోడుమూరు దగ్గర కూలిపనికి పోయేవాళ్ల కూతురు, పుట్టుకతోనే చూపు లేదు, కర్నూలులో కంప్యూటర్ చదువుతోంది.

"అన్నా, నీ మొదలుతో ఒక ప్యాకేజీ చేసినా. ఎవర్నీ పిలవకుండ, నేనే. మాయమ్మకు సెప్తే ఏమీ అర్థం కాలేదు గానీ ఏడ్సింది. నీకు దండం పెడ్తానన్నా."

"దండమెందుకమ్మా! ఏం చేసినావో చెప్పు ముందు."

అంకెలను తెలుగు మాటల్లోకి మార్చేది చేసిందామె. సుధన్వ అప్పటికప్పుడే దాన్ని తెచ్చుకుని, తన కంప్యూటర్‌లో తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు జోడించుకున్నాడు. ఇన్నాళ్లూ ఇంగ్లీషులో వినిపించే తేదీ మొదటిసారి తెలుగులో వినిపించింది. ఇయర్‌ఫోన్ పీకేసి, స్పీకర్ పెద్దది చేసి, వంటింట్లో ఉన్న కృతిని కేకేశాడు.