బల్ల దగ్గర లేవలేదు

మా రొయ్యల గుంట గట్టు మీద నేను కళ్లు తిరిగి పడిపోతే, నెల్లూరులో హార్ట్ బ్లాక్ అని తేల్చారు. రక్తనాళాలు పూడుకుపోవడం కాదు, గుండెను కొట్టించే కరెంటు మధ్యలో ఆగిపోవడం. పేస్‌మేకర్ పెట్టారు. నాకింకా నలభై నిండలేదు. ఎందుకొచ్చిందని అడిగితే, "మిషను పెట్టేసినాం గదమ్మా, ఇంక కారణంతో ఏం పని?" అన్నాడు డాక్టరు.

ఒళ్లు మండిపోయింది. "గుంటలో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటరు కాలిపోతే కొత్తది బిగించి ఊరుకుంటామా సార్? ఎందుకు కాలిందో చూడొద్దా?" అని లేచి వచ్చేశాను.

ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. గుండె కండరంలో వాపు ఉండొచ్చు, ఉంటే మందులున్నాయి, వదిలేస్తే గుండె మొత్తం పాడవుతుంది అందామె. పెట్ స్కాన్‌లో ఆ వాపు వెలుగుతుందట. ముందురోజు మాత్రం అన్నం, రొట్టె, తీపి ముట్టకూడదు. గుడ్లు, చేపలు, మాంసమే. చక్కెర అందితే గుండె అంతా వెలిగిపోయి వాపెక్కడుందో తెలియదు.

ఆ ముందురోజు ఆదివారం. చేపల వేపుడు తిని చర్చికి పోయి, ఎప్పటిలాగే ఏసు జ్ఞాపకంగా పంచే ప్రభువు బల్ల తీసుకున్నాను. తియ్య రొట్టె ముక్క, పాకంలాంటి ద్రాక్షరసం. మాకది తిండి కిందికి రాదు మరి! స్కాన్ చెడిపోయింది. ఆ కాస్తే చెడగొట్టి ఉంటుందని డాక్టరమ్మ తల పట్టుకుంది.

రెండోసారి కూడా సోమవారమే ఇచ్చారు, ముందురోజు మళ్లీ బల్ల. తీసుకోనంటే అత్త గుండెలు బాదుకుంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! బల్ల కాడ లేవకుంటే ఏదో పాపం దాచినాదని అనరా? ఇంట్లోనే పడుండు."

"ఎందుకుండాల అత్తా? నేనేం తప్పు చేసినాను?"

వెళ్లి ముందు వరసలోనే కూర్చున్నాను. బల్ల తీసుకోవడానికి అందరూ లేచారు, నేను లేవలేదు. వెనకాల గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. ఏడుపొచ్చింది, అయినా లేవలేదు. వరసలో సగం దూరం పోయిన అత్త చటుక్కున వెనక్కి తిరిగి, ఏమీ తీసుకోకుండా వచ్చి నా పక్కన కూలబడింది.

"ఇప్పుడిద్దరినీ అనుకోమను," అంది, అందరికీ వినపడేలా.

ఈసారి స్కాన్‌లో గుండె నల్లగా ఉండి, రెండు చోట్ల మాత్రం వెలిగింది. ఆ వాపు జబ్బు పేరు సార్కాయిడోసిస్ అట. మాత్రలు మొదలుపెట్టారు. ఆ ఫిల్ము చంకలో పెట్టుకుని నేరుగా మొదటి డాక్టరు దగ్గరికి పోయాను.

"కారణంతో ఏం పని అంటిరే, ఇదిగో సార్," అని బల్ల మీద పరిచాను.