తప్పు మందు వెనుక పరుగెత్తిన మనిషి

మా పెద్ద కాంపౌండర్ సాబ్ పోయారు. నిన్న పొద్దున నేను దవాఖానా తలుపులు తీయిస్తుంటే ఆయన చిన్న కొడుకు సైకిలు దిగి, "అన్నా, అబ్బా పోయిండు. నమాజుకు లేపుదామని పోతే లేవలే" అని గోడకు ఆనుకొని నిలబడిపోయాడు. జహనుమాలో మట్టి ఇచ్చి వచ్చాం. ఇల్లు చేరినా మనసు కుదురుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆయన దగ్గర పనికి చేరి పదేళ్లు దాటింది. జీతం లేకుండా, ఎప్పటికైనా ఖాళీ దొరక్కపోతుందా అని పని నేర్చుకునే వాళ్లను మా దవాఖానాలో ఉమేద్వార్లు అనేవారు. నేనూ అలా ఒక ఉమేద్వారును. పత్తర్‌గట్టి వెనక గల్లీలో దవాఖానా. మొదటి రోజే నాకు అర్థమైంది, అక్కడ రోగుల కన్నా మేమే ఎక్కువ భయపడుతున్నామని. డాక్టర్ సాబ్ బూట్ల చప్పుడు వరండాలో వినపడితే చాలు, సీసాలు పట్టుకున్న చేతులు ఆగిపోయేవి. అంతకు ముందు ఒక కాంపౌండర్ తన పొరపాటు తానే పోయి చెప్పుకున్నాడట. మధ్యాహ్నం కాకముందే అతన్ని ఇంటికి పంపేశారట. ఆ తర్వాత ఎవరూ ఏదీ చెప్పడం మానేశారు.

మందులు కలిపే గది పెద్ద కాంపౌండర్ సాబ్‌ది. పొడుగ్గా, సన్నగా, మెడ వరకు గుండీలు పెట్టిన నల్ల శేర్వాణీలో ఉండేవారు. కొత్తగా వచ్చిన ప్రతి ఉమేద్వారునూ ఒక మాట అడిగేవారు. నన్నూ అడిగారు.

"ఏం బేటా, రేపు నా కుర్సీల నువ్వు కూసుంటే ఏం మారుస్తవ్?"

"ఉమేద్వార్లకు ఒక బెంచీ ఏపిస్త సాబ్. నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయి" అన్నాను.

మర్నాడు గదిలో పాత బెంచీ ఒకటి కనిపించింది. తన ఇంటి నుంచి బండి మీద తెప్పించారు. డాక్టర్ సాబ్ దాన్ని చూసి ఆ పూటే బయట పడేయించారు. పెద్దాయన నా వైపు తిరిగి మెల్లగా, "చూసినవా? కుర్సీ నాది గూడ కాదు" అని నవ్వారు.

మాకు పని నేర్పేటప్పుడు ఆయన మాటలు చాలా తక్కువ. డాక్టర్ సాబ్ రాసిన చిట్టీలో ఒక అక్షరం తెలియకపోతే మేము ఊహించి కలపబోయేవాళ్లం, పోయి అడిగితే తిడతారని. ఆయన మా చెయ్యి పట్టుకొని ఆపేవారు. "పోయి అడుగు. తిట్లు తింటే అరుగుతయి. తప్పు మందు అరగదు." సీసా ఎవరికి ఇచ్చినా బిరడా తీసి ఒకసారి వాసన చూసిగాని ఇచ్చేవారు కాదు. మా చేత కూడా అలాగే చేయించేవారు.

ఒక్క రోజు మాత్రం ఆయన ఆ వాసన చూడలేదు.

ఆ రోజుల్లో శహర్‌లో హిందువులకూ ముసల్మాన్లకూ మధ్య గడబిడగా ఉంది. ఎక్కడో ఎవరినో పొడిచారని ఒక మాట, ఎక్కడో దుకాణం కాలిందని ఒక మాట. పొద్దెక్కేసరికి పత్తర్‌గట్టిలో దుకాణాల తలుపులు ఒకదాని వెంట ఒకటి దబదబ పడ్డాయి. డాక్టర్ సాబ్ మా గదిలోకి వచ్చి, "జల్ది జల్ది! పదండి, అందరినీ పంపించేయండి" అని అరిచి, మోటారెక్కి ఇంటికి వెళ్లిపోయారు. రోగులు కిటికీ దగ్గర ఒకరినొకరు తోసుకుంటున్నారు. అప్పుడు సీసాలు ఎవరివి వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకునేవారు. ఎక్కువగా ఒకే తీరు సీసాలు. పెద్దాయన రెండు చేతులా ఇస్తూ పోయారు.

గది ఖాళీ అయ్యాక, చివర ఒక ముసలాయన తన సీసా కోసం వచ్చాడు. విరేచనాల మనిషి. అతనికి అఫీము, అంటే నల్లమందు, కలిపిన మందు రాశారు. పెద్దాయన సీసా తీసి, ఇప్పుడు తీరిక దొరికింది కదా, అలవాటుగా బిరడా తీసి వాసన చూశారు. మళ్లీ చూశారు. ఆయన మొహంలో రక్తం ఒక్కసారిగా ఇంకిపోయింది.

"ఇది సోంపు వాసన. దగ్గు మందు," అన్నారు. "గా బిడ్డది ఈడనే ఉన్నది. గీయనది బిడ్డకు పోయింది."

పొద్దున కార్వాన్ నుంచి ఒకామె రెండేళ్ల ఆడపిల్లను చంకన వేసుకొని వచ్చింది, దగ్గు అని. ఆమె గాజుల దుకాణం వెనక గల్లీలో ఉంటుందని నాకు తెలుసు. మా ఇల్లూ ఆ వైపే. పెద్ద మనిషికి కలిపిన అఫీము ఆ పసిదాని కడుపులో పడితే నిద్ర పట్టి, ఆ నిద్ర ఇక వదలకపోవచ్చు.

పక్కనున్న ఇంకో ఉమేద్వారు గొంతు తగ్గించి, "సాబ్, ఎవ్వరికి తెల్వది. పొద్దున గంత మంది ఉండిరి. మీకు ఇంక పింఛను దగ్గరకొచ్చె..." అన్నాడు.

పెద్దాయన అతని మీద కోపం తెచ్చుకోలేదు. "నాకు తెలిసె గద బేటా" అని, ముసలాయనకు కొత్తగా మందు కలిపి, వాసన చూసి, చేతికి ఇచ్చారు. తర్వాత నా వైపు చూశారు. "నీ మొహల్లానే గద. నడువ్."

టాంగా ఒకటి దొరికింది. పురానాపూల్ వంతెనకు ఇవతలే టాంగావాలా కళ్లెం బిగించేశాడు. "నేను ఆ దిక్కు రాను సాబ్. మీరు గూడ పోకుర్రి. మీ టోపీ చూస్తే వదులుతరా?" పెద్దాయన దిగారు. తల మీద నల్ల కుచ్చు ఉన్న ఎర్ర రూమీ టోపీ అలాగే ఉంది. నేను తీసేయమని చెప్పబోయి చెప్పలేకపోయాను. వంతెన మీద మా ఇద్దరి అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. మూసీ మీంచి గాలి కొడుతోంది.

కార్వాన్ మలుపులో పది మంది దాకా కట్టెలు పట్టుకొని ఉన్నారు. వాళ్లలో సగం మంది నన్ను ఎరిగినవాళ్లే. అయినా వాళ్ల కళ్లు నా మీద లేవు.

"ఏడికి?" అన్నాడు ముందున్నవాడు.

నేను ఏదో ఒక అబద్ధం అల్లుకుంటున్నాను. ఈలోపే పెద్దాయన మాట్లాడారు.

"దవాఖానల కాంపౌండర్‌ను. మీ గల్లీ బిడ్డకు తప్పు మందు ఇచ్చిన. నేనే ఇచ్చిన. బిడ్డ తాగకముందు పోవాలె. నన్నేమన్న చేసేది ఉంటే తర్వాత చేయుర్రి. ముందుగాల దారి ఇయ్యుర్రి."

ఎవరూ కదలలేదు. ముందున్నవాడు కట్టె దించి, "ఎవరి బిడ్డ?" అన్నాడు. నేను చెప్పాను. వాడే ముందు పరుగెత్తాడు, మేము వాడి వెనక.

తల్లి అరుగు మీద కూర్చొని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచింది. "మందు మంచిగ పనిచేసింది అయ్యా. దగ్గు ఆగింది, పండుకున్నది."

పెద్దాయన లోపలికి పోయి పిల్లను ఎత్తుకున్నారు. తల వేలాడిపోయింది. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప గుండుసూది మొనంత ఉంది. "ఎంత పోసినవ్ బిడ్డా?" "ఒక్క చెంచెడు. అండ్ల సగం ఉమ్మింది." తల్లికి అప్పుడు అర్థమైంది. ఆమె అరుపు విని గల్లీ అంతా గడప ముందుకు వచ్చింది.

"ఏడ్వకు. ఈమెను నిద్రపోనియ్యద్దు. కాఫీ ఉన్నదా? లేకుంటే చాయపత్తి కడక్‌గ మరగపెట్టు," అన్నారాయన. మొహాన చన్నీళ్లు కొడుతూ, అరికాళ్లు గిల్లుతూ, పిల్లను భుజాన వేసుకొని ఆ చిన్న వాకిట్లో తిరగడం మొదలుపెట్టారు. పిల్ల కళ్లు మూసినప్పుడల్లా ఆయన గొంతు పెద్దదయ్యేది. "లే మా, లే! గీ తాత చానా చెడ్డోడు, తిట్టు, లే!" మధ్యమధ్య చెంచాతో డికాక్షన్ తాగించారు. ఊపిరి నెమ్మదించినప్పుడల్లా ఆయన ఆగి, చెవి పిల్ల ఛాతీకి ఆనించేవారు. కట్టెలు పట్టుకున్నవాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పిల్లకు ఏమన్నా అయితే మేము అక్కడి నుంచి ప్రాణాలతో వెళ్లలేమని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఎండ గోడ మీదికి ఎక్కే వేళకు పిల్ల ఒళ్లు విరుచుకొని, ముక్కు చీదుకొని, ఆయన టోపీ కుచ్చు పట్టుకొని లాగి ఏడ్చింది. గట్టిగా, కోపంగా. ఆ ఏడుపు వినగానే తల్లి ఉన్నచోటనే కూలబడింది.

మమ్మల్ని వంతెన దాకా దిగబెట్టింది ఆ కట్టెలవాళ్లే.

మర్నాడు డాక్టర్ సాబ్ బూట్లు ఇంకా విప్పకముందే పెద్దాయన పోయి అంతా చెప్పారు. అరుపులు గల్లీ చివర దాకా వినబడ్డాయి. నౌకరీ పోలేదు గాని, మందుల గది పోయింది. పట్టీలు కట్టే గదికి పంపేశారు. పింఛను తీసుకునే దాకా అక్కడే ఉన్నారు. మందుల గది తిరిగి ఇవ్వలేదు.

అయితే మేమంతా ఏదైనా పొరపాటు జరిగితే పట్టీల గదికే పరుగెత్తేవాళ్లం. ఆయన గాయం కడుగుతూనే వినేవారు. "ఎప్పుడు? ఎవరికి? నడువ్," అంతే. తిట్టడం, బుద్ధి చెప్పడం తర్వాతి రోజుకి. ఇప్పుడు ఆ మందుల గదిలో నా దగ్గర ఉమేద్వార్లు ఉన్నారు. నేను మార్చినది ఇదొక్కటే. తప్పు చెప్పుకున్న రోజు ఎవరినీ ఒక్క మాట అనను. అందుకు నాకు రావలసిన పేరేమీ లేదు, అది ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే.

పోయిన నెల ఆయన్ను చూడ్డానికి జహనుమాలో ఆయన ఇంటికి వెళ్లాను. మంచానికి ఆనుకొని కూర్చున్నారు. ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "సాబ్, ఆ దినం మీకు భయం కాలేదా?"

"భయమా?" ఆయన చాలాసేపు నవ్వారు. "నా కాళ్లు గజగజ ఒణికినయి. పొడుగు శేర్వాణీ గద, నీకు కనపడలే."

వెళ్తానంటే, వద్దన్నా లేచి, గోడ పట్టుకొని వాకిలి దాకా వచ్చారు. గుమ్మానికి గోనెపట్టా పర్దా ఉంది. దాన్ని ఒక చేత్తో పక్కకు పట్టుకొని, రెండో చెయ్యి ఎత్తి, "జాగ్రత్తగ పో బేటా" అన్నారు. మలుపులో తిరిగి చూశాను. ఆయన లోపలికి వెళ్లిపోయారు. పర్దా మాత్రం ఇంకా కొద్దికొద్దిగా కదులుతూనే ఉంది.