కేకు మీద నేను మార్చిన మాట

2023 డిసెంబరు 24 సాయంత్రం, తెనాలిలోని మా బేకరీలో, కేకు మీద రాయమన్న మాట ఒకటైతే నేను రాసింది మరొకటి. పొరపాటున రాయలేదు. ఆలోచించి, తెలిసి, లోలోపల కాస్త గర్వపడుతూ రాశాను. పైగా రాసిందేమిటో కొన్న మనిషికి చూపించకుండా డబ్బా మూసి దారం కట్టేశాను. ఇన్నేళ్ల పనిలో నా చేతుల్లో మాడిపోయిన కేకులున్నాయి, ఆటోలో నలిగి తిరిగొచ్చినవున్నాయి, పెళ్లికూతురి పేరు తప్పుపడినవీ ఉన్నాయి. వాటన్నిటికీ ఏదో ఒక జవాబు చెప్పుకోగలిగాను. దీనికి చెప్పుకోలేకపోయాను.

మా పని గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. కాల్చిన కేకును మేం బేస్ అంటాం. దాని మీద క్రీము పట్టించాక, పైపింగ్ బ్యాగుతో అక్షరాలు రాస్తాం. పైపింగ్ బ్యాగంటే కొసన సన్నటి గొట్టం బిగించిన సంచి. అందులో రంగు క్రీము నింపి, అరచేత్తో నొక్కుతూ నడిపిస్తాం. ఇంగ్లీషు సులువు. తెలుగు అక్షరానికి గుండ్రం తిరగాలి, పైన తలకట్టు నిలబడాలి, కింద ఒత్తు అతుక్కోకూడదు. నా తెలుగు రాత బాగుంటుందని పేరు పడింది. అందుకే చర్చిల ఆర్డర్లు ఎక్కువగా నా దగ్గరికే వచ్చేవి. మా వైపు క్రిస్మస్ ఉదయం ఆరాధన అయ్యాక చర్చిలో పుట్టినరోజు కేకు కోస్తారు. సంఘంలో ఎవరో ఒకరు ఆ కేకు సమర్పిస్తారు. వాళ్ల పేరు అయ్యగారు మైకులో చదువుతారు. పాస్టరుగారిని ఇక్కడ అయ్యగారనే అంటారు.

ఇంకొక్క సంగతి. రాయడం పూర్తయ్యాక, డబ్బా మూసేముందు, తీసుకెళ్లే మనిషిని దగ్గరికి పిలిచి పైకి చదివించుకోవాలి. మా షాపులో పనికి చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది అదే.

మరియ మా షాపు వెనక ఉన్న నర్సింగ్ హోములో ఆయా. రేపల్లె దగ్గరి పల్లె నుంచి రోజూ రైల్లో వచ్చిపోతుంది. సాయంత్రాలు బన్ను కోసం వచ్చేది. నన్ను అన్నా అనేది, ఎప్పుడూ మీరు అనే మాట్లాడేది. ఆ డిసెంబరు మొదట్లో కేకు ఆర్డరు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. ఆమెకు పెళ్లి కాలేదు. ఒక కొడుకున్నాడు, బాపట్లలో బైకుల మెకానిక్కు. తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు, ఆ మనిషి మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు. ఆ కారణంగా సంఘం ఆమెను చాలా ఏళ్లు బల్ల దగ్గరికి, అంటే ప్రభు భోజనానికి, రానివ్వలేదు. కొత్తగా వచ్చిన అయ్యగారు పెద్దలతో మాట్లాడి ఆ అడ్డు తొలగించారు. ఈ క్రిస్మస్ కేకు నువ్వే పెట్టమ్మా అన్నారు.

“మావాడు కూడా వస్తానన్నాడన్నా,” అంది. “చిన్నప్పుడు సండే స్కూల్లో పిల్లలు తండ్రి పేరడిగి ఏడిపిస్తే మానేశాడు. అప్పట్నించీ ఆ గడప తొక్కలేదు. ఈసారి నా పక్కన కూర్చుంటానన్నాడు.”

ఏం రాయాలో అడిగాను. దేవుని కుమారునికి జన్మదిన శుభాకాంక్షలు అని రాయమంది. సరేనన్నాను. అలాంటివి అంతకుముందు ఎన్నో రాశాను.

మాది దూదేకుల కుటుంబం. మా నాన్న బాపట్లలో పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఉర్దూ రాదు. అందుకని మమ్మల్ని సగం ముస్లింలని వేళాకోళం చేసేవాళ్లు మా మతంలోనే ఉన్నారు. ఆ మాట చిన్నప్పటినుంచీ నాకు ముల్లులా గుచ్చుకునేది. ఆ నెలలోనే మా మసీదుకు బయటి ఊరి నుంచి ఒక యువ ప్రసంగీకుడు వచ్చి క్రిస్మస్ గురించి మాట్లాడాడు. క్రైస్తవులు యేసు అనే ఈసా అలైహిస్సలాం పుట్టిన తేదీ ఇంజీలులో, అంటే సువార్తలో, ఎక్కడా లేదన్నాడు. రోమ్ వాళ్లు చలికాలంలో సూర్యుడి పేరిట పండగ చేసుకునేవాళ్లని, ఆ రోజుల్లోకే ఈ పండగ తర్వాత వచ్చి చేరిందని చెప్పాడు. ఆయన తల్లి మర్యం ప్రసవవేదనతో ఖర్జూరపు చెట్టు మొదట్లో కూర్చున్నప్పుడు పండిన కాయలు రాలాయని ఖురాన్‌లో ఉంది కాబట్టి, అది ఖర్జూరం పండే వేసవి అయి ఉండాలన్నాడు. ఈసాను ప్రవక్తగా ప్రేమించడం మన విశ్వాసమని, దేవునికి కొడుకున్నాడనడం మాత్రం షిర్క్ అని, అంటే దేవునికి సాటి కల్పించడమని, మనకు రెండే పండగలని ముగించాడు.

అందులో నేను కాదనేది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి ఎవరో, “మస్తాన్ భాయ్ ఏడాదంతా నమాజు చదువుతాడు, డిసెంబరులో క్రీముతో షిర్క్ రాస్తాడు,” అన్నారు. నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను.

మరియ ఆర్డరు అప్పటికే తీసుకుని ఉన్నాను. చేయాల్సిన పని ఒక్కటే. ఆమె మర్నాడు బన్ను కోసం వచ్చినప్పుడు, “ఈ మాట నేను రాయలేను చెల్లెమ్మా, వేరేది చెప్పు, లేదా ఇంకో షాపులో రాయించుకో,” అనడం. అందుకు రెండు వారాలకు పైగా టైముంది. చెప్పలేదు. చెబితే బేరం పోతుందని భయం, చర్చిలవాళ్లు చెడ్డగా అనుకుంటారని భయం. రాస్తే మసీదులో నవ్వుతారని భయం. ఈ రెండు భయాల మధ్య నాకొక తెలివి పుట్టింది. ఖురాన్ ఈసాను చాలాచోట్ల మర్యం కుమారుడనే పిలుస్తుంది. అది మాకు ఎంతో గౌరవమైన పిలుపు. క్రైస్తవులూ కాదనలేరు కదా. ఇద్దరికీ సరిపోయే మాట దొరికిందనుకున్నాను.

24 సాయంత్రం, తెల్ల క్రీము మీద ఎర్ర అక్షరాలతో, నా జీవితంలోనే అందంగా రాశానేమో: మరియ కుమారునికి జన్మదిన శుభాకాంక్షలు.

తెలుగులో ఆ తల్లి పేరు మరియ. ఆ కేకు చేయించుకుంటున్న మనిషి పేరూ మరియ. నాకు ఆ క్షణంలో ఆ సంగతి తట్టలేదంటే చదివేవాళ్లు నమ్మకపోవచ్చు. నా తెలివిని చూసి నేనే మురిసిపోతున్నవాణ్ని, కేకు పట్టుకెళ్లే మనిషిని ఎక్కడ తలుచుకున్నాను?

ఆమె డ్యూటీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. రేపల్లె బండికి టైమైపోతోంది. నేను అప్పటికే దారం కట్టేశాను.

“చదవక్కర్లేదా అన్నా?”

“నా చేతి మీద నమ్మకం లేదా చెల్లెమ్మా?” అన్నాను.

ఆ మాటకు ఆమె సిగ్గుపడి, డబ్బా రెండు చేతులతో పట్టుకుని వెళ్లిపోయింది.

పండగ వెళ్లాక రెండ్రోజులకు మరియ షాపుకొచ్చింది. బేరాలు తగ్గేదాకా పక్కన నిలబడింది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“నేనేం రాయమన్నాను? నువ్వేం రాశావు?”

ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వు అంది. తప్పైందని అనాల్సిన నోటితో, మా గ్రంథంలో మర్యం పేరుతో ఒక అధ్యాయమే ఉందని, మర్యం కుమారుడంటే మాకెంత గౌరవమో అని ఆమెకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా వింది. తర్వాత చర్చిలో జరిగింది చెప్పింది.

అయ్యగారు మైకులో ఆమె పేరు చదివారట. కేకు బల్ల మీద పెట్టి మూత తీశారు. ముందు వరసలో కూర్చునే ఒక పెద్దమనిషి లేచి, కళ్లద్దాలు సర్దుకుని, కేకు మీద రాసింది పైకి చదివాడు. ఆయన మరియ కొడుకు తండ్రికి స్వయానా అన్న. “ఏంటి మరియా, మనందరం మీవాడి పుట్టినరోజుకొచ్చామా?” అన్నాడట. ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు వినబడింది. ఆ ఊతంతో ఇంకో మాట కూడా అన్నాడట: “తండ్రి పేరు రాయడానికి చోటు చాల్లేదు కామోసు.”

అయ్యగారు గద్దించారు. కానీ మాట అప్పటికే అందరి చెవుల్లో పడింది. తల్లి పేరుతో పిలవడం మా గ్రంథంలో గౌరవం కావచ్చు. ఆ పల్లెలో తల్లి పేరుతో పిలిచేది తండ్రి లేనివాణ్నే.

“మీవాడు...” అన్నాను.

“నీ దేవుడికి నువ్వు జవాబు చెప్పుకున్నావు. నా కొడుక్కి నేనేం చెప్పను?” అంది. “నేనే కావాలని రాయించానంటున్నారు. వాడూ అదే అనుకుంటున్నాడు. అందరి ముందూ నన్నిట్టా ఎందుకు నిలబెట్టావే అని ఒక్క మాట అడిగి, లేచి వెళ్లిపోయాడు. ఫోనెత్తట్లేదు.”

ఆమె వెనక్కి తిరిగింది. “రాయనంటే పక్క షాపులో రాయించుకునేదాన్ని గదన్నా,” అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె మా షాపు మెట్లెక్కలేదు.

మర్నాడు బాపట్ల వెళ్లాను. నాకు చిన్నప్పుడు అరబీ అక్షరాలు నేర్పిన ముసలి హజ్రత్ అక్కడే ఉంటారు. మరియ కొడుకు పనిచేసే షెడ్డు కూడా అదే ఊళ్లో ఉంది. బస్టాండులో దిగి, అతని దగ్గరికి వెళ్లే ధైర్యం లేక హజ్రత్ దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను వెనకేసుకొస్తారని ఎక్కడో ఆశ ఉంది. షిర్క్ రాయకుండా తప్పించుకున్నావు, మిగతాది నీ చేతిలో లేదు అంటారనుకున్నాను.

ఆయన అంతా విని, “రాయనని చెప్పావా?” అని అడిగారు.

“లేదు హజ్రత్.”

“ఒక సరుకు అడిగితే ఇంకోటి పెట్టి మూత కట్టావు. తూకంలో రాయి పెట్టినవాడికీ నీకూ తేడా ఏంటి?”

నేను తల వంచుకున్నాను. ఆయన, ఖురాన్‌లో మర్యం బిడ్డనెత్తుకుని తనవాళ్ల దగ్గరికి తిరిగొచ్చిన ఘట్టం గుర్తు చేశారు. అక్కడ, పెళ్లికాకుండా బిడ్డను కన్నావని ఆమెను నిందించింది దేవుణ్ణి ఎరగనివాళ్లు కాదు, ఆయన్ను నమ్మే కులంవాళ్లే. ఆమె నోరు విప్పకుండా బిడ్డ వైపు చూపించింది. ఊయలలోని ఆ బిడ్డే మాట్లాడాడు.

“ఆ అధ్యాయం నీకు కంఠతా వచ్చు,” అన్నారు. “ఆ పేరుగల మనిషినే మళ్లీ జనం ముందు నిలబెట్టావు. ఈ ఆడమనిషి తరఫున మాట్లాడ్డానికి ఊయల్లో బిడ్డ లేడు. నువ్వున్నావు.”

జనవరి ఒకటిన కొత్త సంవత్సరం ఆరాధనకు ఆ పల్లె చర్చికి వెళ్లాను. ముందే ఫోనులో అయ్యగారి అనుమతి అడిగాను. ఆయన, “వద్దులే బాబూ, మళ్లీ రేపడమెందుకు,” అని, తర్వాత ఒప్పుకున్నారు. మరియ రాలేదు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ గుమ్మం బయటే నిలబడ్డాను. పిలిచాక లోపలికెళ్లి మైకు పట్టుకున్నాను. టోపీతోనే వెళ్లాను. ఎవరు మాట్లాడుతున్నారో దాచదలచుకోలేదు.

మీరు నమ్మే మాట నేను నమ్మను, అందుకే రాయలేకపోయాను, అది నా విశ్వాసం అన్నాను. కానీ ఆ సంగతి మరియకు చెప్పకుండా మాట మార్చింది నేనే, చదువుతానంటే చదవనివ్వకుండా మూత కట్టింది నేనే, అందులో ఆమె ప్రమేయం లేదు, ఆమె రాయమన్నది దేవుని కుమారునికి అనే మాటే అన్నాను. ముందు వరసలోని పెద్దమనిషి పాటల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నాడు. ముగించి మైకు ఇచ్చేశాను. బయటికొస్తుంటే ఒకావిడ, “కేకైతే బాగుంది నాయనా,” అంది. ఆ మాట నాకు తిట్టులా తగిలింది.

ఈ సంఘటన తర్వాత నేను క్రిస్మస్ జరుపుకోవడం మొదలుపెట్టలేదు. పండగ ఎక్కడి నుంచి వచ్చిందన్న విషయంలోనూ నా అభిప్రాయం మారలేదు. నమ్మని మాటను కాదనమని నా విశ్వాసం చెబుతుందని తెలుసు. ఆ కాదనడం ఎదుటి మనిషి ముఖం చూసి చేయాలని మాత్రం నాకు అప్పటిదాకా తెలియలేదు. ఇప్పుడు ఆర్డరు తీసుకునేటప్పుడే ఏ మాట రాయగలనో, ఏది రాయలేనో చెప్పేస్తున్నాను. కొందరు చర్చివాళ్లు వేరే షాపుకు మారిపోయారు. మసీదులో కొందరు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అది నాకు న్యాయంగానే ఉంది.

ఆ రోజు చర్చి నుంచి నేరుగా మరియ ఇంటికి వెళ్లాను. గుమ్మంలోకి వచ్చింది, లోపలికి రమ్మనలేదు. చెప్పాల్సింది చెప్పాను. క్షమించానని అనలేదు.

“ఆయన ఉన్నాడా?” అంది.

“ఉన్నాడమ్మా. ముందు వరసలోనే.”

“తలెత్తాడా?”

“లేదు.”

లోపలికెళ్లి ఫోను తెచ్చింది. నంబరు నొక్కింది. చాలాసేపు మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. ఈసారి అవతల ఎత్తారు, కానీ మాట లేదు. ఏదో షెడ్డులో బండి రేజు చేస్తున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. ఆమె స్పీకరు పెట్టి ఫోను నా నోటికి దగ్గరగా చాపింది.

“చర్చిలో ఏం చెప్పావో అదే చెప్పు. ఒక్క మాట కూడా మార్చకు,” అంది.

చెప్పాను. సగంలో బండి చప్పుడు ఆగింది. నేను పూర్తిచేసేదాకా అవతలివైపు ఫోను పెట్టేయలేదు.