మూడు మెట్లు కిందికి

డయాలసిస్ సెంటర్లో నా కుర్చీ కిటికీ వైపు చివరిది. 2022 మార్చి 7, సోమవారం నాడు మొదటిసారి అందులో కూర్చున్నాను. పక్క కుర్చీలో నాకంటే ఒక్క ఏడు చిన్నదైన నల్లజాతి ఆవిడ ఉండేది. వారానికి మూడు పూటలు, పూటకి నాలుగు గంటలు. ఆవిడ రక్తం ఒక యంత్రంలోనూ నా రక్తం ఇంకో యంత్రంలోనూ తిరుగుతుంటే మేము కబుర్లు చెప్పుకునేవాళ్ళం. స్కూలు వంటగదిలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరయ్యానంది. నేను ఆస్పత్రి బిల్లింగ్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశానన్నాను.

సూదులు గుచ్చేముందు నర్సు బరువు చూస్తుంది. ఆమె యంత్రం వైపు చూసేలోపే నా కిందటిసారి బరువు, ఇవాళ్టి బరువు, తేడా చెప్పేసేదాన్ని. పక్క కుర్చీ ఆవిడకి అది పెద్ద వేడుక.

“మిస్ క్యాలెండర్, నువ్వు స్వర్గానికి పోయినా గేటు దగ్గర రసీదు అడుగుతావు.”

“అడుగుతాను. ఇవ్వకపోతే లోపలికి వెళ్ళను.”

“అయితే నేను నీ వెనకాల నిలబడను. ఆలస్యమవుతుంది.”

ఆవిడ మాట్లాడేది ఇక్కడి జార్జియా రాష్ట్రపు యాస ఇంగ్లీషు. నా చెవికి ఎలా వినిపించిందో అలా తెలుగులో రాస్తున్నాను. మొదటి ఏడాదిన్నరలో ఆవిడ ఒక్కసారి కూడా కూనిరాగం తీయగా నేను వినలేదు.

2023 సెప్టెంబరులో ఒక శుక్రవారం, మా పూట ముగిసి బయటి గదిలోకి వచ్చేసరికి, నలభై ఏళ్ళ తెల్లతను ఒకడు అట్ట కవరులో పెట్టిన చిన్న గ్రామఫోన్ రికార్డు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ పేరు, పెళ్ళికి ముందటి ఇంటిపేరుతో సహా పలికి, “మీరేనా?” అని అడిగాడు. సోల్ అని నల్లవాళ్ళ పాటలు, వాటి పాత రికార్డులు వెతికి మళ్ళీ విడుదల చేయడం అతని పని. ఆవిడ కోసం ఆరేళ్ళుగా వెతుకుతున్నాడట. ఆవిడ రికార్డు అందుకుని తిప్పి చూసి, “ఇంకా బతికే ఉందే ఇది,” అంది.

ఇరవై రెండేళ్ళప్పుడు ఆవిడ పాడిన రెండు పాటలు అందులో ఉన్నాయి. పాడించిన చిన్న కంపెనీ మరుసటి ఏడే మూతపడింది. రికార్డులు దుకాణాలకి చేరలేదు. ఆ తరవాత పెళ్ళి, పిల్లలు, స్కూలు వంటగది. ఇప్పుడు వాటిని మళ్ళీ విడుదల చేస్తామని, ఫిబ్రవరిలో ఒక శనివారం అట్లాంటాలో సభ పెడతామని, అందులో ఒక్క పాట పాడితే చాలని అతను బతిమాలాడు.

ఆవిడ పాడనంది. గొంతు పోయిందంది.

మా ఆడవాళ్ళ పేరంటాల్లో పాడమంటే ఎంత బాగా పాడేవాళ్ళయినా ముందు గొంతు బాగాలేదనే అంటారు. మూడుసార్లు అడిగించుకుని అప్పుడు పాడతారు. ఇదీ ఆ మర్యాదే అనుకుని, “పాడమ్మా, అంత దూరం నుంచి వచ్చాడు,” అని నేనూ రెండుసార్లు ఒత్తిడి చేశాను. ఆవిడ నా వైపు తిరిగి, “నేను సిగ్గుపడి అనడం లేదు. నిజం చెబుతున్నాను,” అంది. అతను ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆవిడను తీసుకెళ్ళే వ్యాను రాలేదు. నా కారులో దింపుతానన్నాను. కారెక్కి బెల్టు పెట్టుకున్నాక అడిగింది. “నీకు పాట తెలుసా?”

చిన్నప్పుడు విజయనగరంలో మా మేనత్త దగ్గర ఆరేళ్ళు నేర్చుకున్నానని, నాకు గొంతు లేదు గాని చెవి ఉందని చెప్పాను.

“నాకు కావలసింది చెవే. మా చర్చిలో నేను దగ్గినా ఆమెన్ అంటారు. నువ్వు లెక్కలమనిషివి. వెళ్ళి పాడొచ్చో, పరువు దక్కించుకుని ఇంట్లో కూర్చోవాలో చెప్పు. నా మీద జాలిపడితే సోమవారం నుంచి నీతో మాట్లాడను.”

అద్దాలు ఎత్తి, ఇంజను ఆపేశాను. ఆవిడ డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని పాడింది. తిరిగిరాని మనిషికి రోజూ రాత్రి రెండో కంచం పెట్టే ఆడమనిషి పాట అది. మొదటి చరణం నిలబడింది. పైకి వెళ్ళాల్సిన చోట గొంతు చిరిగింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే చిరిగింది. ఆపేసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని నా తీర్పు కోసం కూర్చుంది.

“పైన లేదు,” అన్నాను. “ఏమీ మిగల్లేదు. కింద మాత్రం నిండుగా ఉంది. ఎందుకు అంత పైన మొదలుపెట్టావు?”

“రికార్డు అక్కడే ఉంది మరి.”

మా మేనత్త సంగతి చెప్పాను. వయసులో అయిదున్నర శ్రుతికి పాడేది, అరవై దాటాక నాలుగుకి, అంటే మూడు మెట్లు కిందికి దిగింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. మాలో శ్రుతి పాడేవాళ్ళది, వీణ అయినా ఫిడేలు అయినా వాళ్ళకి సరిపెట్టుకోవాల్సిందే. ఆవిడనీ మూడు మెట్లు దింపి పాడమన్నాను.

“మూడా? అది బేస్‌మెంట్‌లో పాడినట్టుంటుంది.”

“బేస్‌మెంట్ కూడా ఇంట్లోదే కదా.”

నవ్వింది. నవ్వుతూనే కిందినుంచి ఎత్తుకుంది. తరవాత ఆ రికార్డు నేను చాలాసార్లు విన్నాను. అందులోని అమ్మాయి వెళ్ళిపోయినవాడి మీద కోపంతో కంచం పెడుతుంది. ఆ రోజు కారులో పాడిన మనిషికి కోపం లేదు. వాడు రాడని తెలుసు, అయినా కంచం పెడుతోంది, అంతే. పాట అయ్యాక ఆవిడే అడిగింది. “ఇప్పుడు?”

“ఇప్పుడు వెళ్ళొచ్చు,” అన్నాను.

ఆవిడ నా కారులోంచే అతనికి ఫోన్ చేసింది. మూడు మెట్లు కిందికి అయితేనే వస్తానంది. అతను ఒప్పుకుని, బ్యాండువాళ్ళు సాధన చేసుకోవడానికి ఫోన్లో పాడి పంపమన్నాడు. “శ్రుతి చెప్పాగా. గొంతు ఆ రోజే వింటారు,” అని పెట్టేసింది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం వ్యాను వద్దని నా కారెక్కేది. పాడేవాళ్ళకి గొంతు తడి కావాలి, మాకేమో రోజుకి నాలుగు కప్పులు మించి నీళ్ళు తాగకూడదు. మా మేనత్త కచేరీ ముందు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేది, నోట్లో నీరూరుతుందని. సెంటర్లో ఆహారం సంగతి చూసే అమ్మాయిని అడిగి, చిన్న ముక్క అయితే ఫరవాలేదన్నాక తెచ్చి ఇచ్చాను. నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

“ఇది మందా, శిక్షా?”

“ఊరుకో. కాసేపటికి తియ్యబడుతుంది.”

తియ్యబడింది. క్రిస్మస్ నాటికి పాట ఆవిడ చేతిలోకి పూర్తిగా వచ్చేసింది. ఊదారంగు డ్రెస్సు కొనుక్కుంది. “సభకి కుర్రపిల్లలు ఇరవై రెండేళ్ళదాని కోసం వస్తారు. ముసల్దాన్ని చూపించి పంపుతాను,” అంది. అంత ఆశగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

2024 జనవరి 22, సోమవారం, పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నర్సుని అడిగితే చెప్పకూడదంది. అది అక్కడి నియమం, ఆ పిల్లని తప్పుపట్టను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బుధవారం ఆ కుర్చీలో వేరే ఆయన కూర్చుని టీవీ చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది. సాయంత్రం ఆవిడ కూతురు ఫోన్ చేసి, ఆదివారం తెల్లవారుజామున నిద్రలో పోయిందని, ఊదారంగు డ్రెస్సే వేస్తున్నామని చెప్పింది.

సభ ఆపలేదు. ఆవిడ పేరు మీదే జరిపారు. మా అమ్మాయి డ్రైవ్ చేసి నన్ను తీసుకెళ్ళింది. హాలు నిండిపోయింది, చాలామంది నా మనవల వయసువాళ్ళు. ముందు రికార్డు వినిపించారు. ఆ తరవాత పాతికేళ్ళ నల్లమ్మాయి వచ్చి అదే పాట రికార్డు శ్రుతిలోనే పాడింది. పైన ఎక్కడా తొణకలేదు. అందరూ లేచి నిలబడ్డారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, షీ వాజ్ సో గుడ్, కదా? నువ్వు లేవవేం?” అంది.

“బాగా పాడింది. మోకాళ్ళు నొప్పి,” అన్నాను.

అయ్యాక ఆ రికార్డులతను మా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “బ్యాండు మూడు మెట్లు కిందికి నేర్చుకుంది. ఈ అమ్మాయి కోసం మళ్ళీ పైకి మార్చాం. ఆవిడ ఏమనుకునేదో,” అన్నాడు.

“పాడింది ఆ అమ్మాయి. మార్చడమే సరి,” అన్నాను. నేను నేర్చుకున్న ప్రకారం అదే న్యాయం.

“ఆ కింది శ్రుతిలో ఆవిడను విన్నది మీరొక్కరేనని వాళ్ళమ్మాయి చెప్పింది. ఎలా ఉండేది?”

హాల్లో కుర్చీలు మడుస్తున్నారు. ఎన్ని శుక్రవారాలు పాడిందో, ఎక్కడ ఊపిరి తీసుకునేదో, ఏ మాట దగ్గర ఆగేదో అన్నీ చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. అన్నీ అయ్యాక, “కానీ ఎలా ఉండేది?” అని మళ్ళీ అడిగాడు.

“అది చెప్పడం నాకు చేతకాదు,” అన్నాను. మా అమ్మాయి కోటు అందించింది. వేసుకుని బయటికి వచ్చాం.