గెస్ట్ పట్టిన చేప

పొద్దున్న కాఫీకి పాలు పెట్టుకుంటుంటే మా బావగారి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. బావగారంటే మా అక్క భర్త; మాకు పావుగంట దూరంలోనే ఉంటారు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే ముందు వాతావరణం, తర్వాత తన మోకాలు, ఆ తర్వాతే విషయం. ఈసారి ఎత్తగానే, "పర్మిట్ మళ్లీ వచ్చిందమ్మా! గెస్ట్ కాలమ్‌లో నీ పేరే రాశాను" అన్నారు. ఆరేళ్ల తర్వాత వచ్చింది. నేను అలా నిలబడిపోయాను, పాలు పొంగి స్టవ్ అంతా పాడైంది.

ఆ పర్మిట్ సంగతి చెప్పాలంటే ముందు ఆ నీళ్ల సంగతి చెప్పాలి. దేశం వదిలొచ్చి స్థిరపడ్డ పిస్కాటవేలో మా ఇంటి నుంచి గంట డ్రైవ్‌లో, గుట్టల మధ్య, చుట్టూ ఇనుప కంచె వేసిన తాగునీటి రిజర్వాయర్ అది. ఎవరు పడితే వాళ్లు వెళ్లడానికి లేదు. అప్లై చేసి, ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్ట్‌లో పడి ఉంటే ఎప్పటికో ఒక కార్డు ఇస్తారు. కార్డు ఉన్నవాళ్లు వెంట ఒక గెస్ట్‌ను తీసుకెళ్లవచ్చు. గెస్ట్ కళ్లతో చూడాలి తప్ప గాలం ముట్టుకోకూడదు. ఇంత తతంగమూ దేనికంటే, బాస్ అనే చేపను పట్టడానికి. పట్టి ఏం చేస్తారు? వదిలేస్తారు. తినకూడదు, ఇంటికి తేకూడదు. పైకి తీసి, కొలిచి, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో పెట్టేయాలి.

నేను నర్సాపురంలో చేపల బజారు పక్క వీధిలో పెరిగినదాన్ని. మా అమ్మ మొప్ప ఎత్తి చూసి ఆ చేపను ఏ పూట పట్టారో చెప్పేది. ఆ ఇంట్లోంచి వచ్చిన నాకు ఈ వ్యవహారం, పెళ్లిచూపులకు వచ్చి, బొబ్బట్లు తిని, పిల్ల చేత పాట పాడించుకుని, కబురు చేస్తామని లేచిపోయేవాళ్ల వ్యవహారంలా కనిపించింది. ఆ మాటే అంటే బావగారు నొచ్చుకున్నారు. "అదొక ఫిలాసఫీ అమ్మా. చేపని రెస్పెక్ట్ చేయడం" అన్నారు. మూతికి ముల్లు గుచ్చి ఈడ్చుకొచ్చి చేసే ఆ మర్యాదేదో నాకెవరూ చేయకుండా ఉంటే చాలనుకున్నాను.

రిటైరయ్యాక ఇక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి పడుతుంది. కొందరు పెరట్లో సొరకాయలు పెంచి ఊరందరికీ పంచుతారు, కొందరు గుడి కమిటీల్లో చేరి కొట్టుకుంటారు. ముప్పై ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో వంచిన మెడ ఎత్తని మా బావగారికి గాలం పిచ్చి పట్టింది. పదహారు జేబుల కోటు, నీళ్లలోకి దిగే పని లేకపోయినా తొడల దాకా బూట్లు, డబ్బాల నిండా ఊదారంగు రబ్బరు వానపాములు. నిజం వానపాము వాడకూడదని రూలట. వాడమన్నా ముట్టుకునే రకం కాదనుకోండి, అక్క రొయ్యలు వలుస్తుంటేనే ముక్కు మూసుకుని వాకింగ్‌కి వెళ్లిపోయే మనిషి. ఇంత సరంజామా పెట్టుకుని నాలుగు సీజన్లలో ఆయన పట్టిన చేపలు సున్నా. ఆ రిజర్వాయర్ గేటు దగ్గర ఒక చెక్కపెట్టె, దానికి దారంతో కట్టిన పెన్సిలూ ఉంటాయి. వెళ్లేటప్పుడు ఎన్ని పట్టారో, ఎన్ని అంగుళాలో కార్డు మీద రాసి అందులో వేయాలి. ఈయన వేసినవన్నీ సున్నా కార్డులే. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం సూర్యోదయాల ఫొటోలు పెట్టి, తనంత అదృష్టవంతుడు లేడన్నట్టు రాసేవారు. ఆయనకు కావలసిందల్లా చేతిలో చేపతో ఒక్క ఫొటో. పోయేలోగా ఒక్కటి చాలని అక్కతో అనేవారట.

అక్క ఒకసారి వెంట వెళ్లి, ఒళ్లంతా దోమలతో కుట్టించుకుని వచ్చి, "మీకూ మీ చేపలకీ ఓ దండం" అనేసింది. ఆ ఏడే నేనూ రిటైరయ్యాను. ఫొటో తీయడానికి మనిషి కావాలని నన్ను బయల్దేరదీశారు. గేటు తాళం నంబరు నాకు వినపడకుండా తనలో తాను గొణుక్కుంటూ తీశారు. గట్టంతా బాతుల రెట్టలు. కుర్చీ వేసుకోవడానికి జాగా వెతుక్కోవాల్సి వచ్చింది. మూడు గంటలపాటు ఆయన విసరడం, చుట్టడం, నిట్టూర్చడం.

"బావగారూ, మన ఊళ్లో అయితే ఈపాటికి పులుసు దించేసేవాళ్లమండీ" అన్నాను.

"ష్! మాట్లాడితే ఫిష్ బెదురుతుందమ్మా" అన్నారు.

కాసేపటికి ఆయనకు బాత్‌రూమ్ అవసరం పడింది. అది గేటు దగ్గరెక్కడో ఉంది. "టూ మినిట్స్ పట్టుకో. ఊరికే పట్టుకో, ఏమీ చేయకు" అని గాలం నా చేతికిచ్చి వెళ్లారు. ఆ పదహారు జేబులూ చెట్ల వెనక్కి మళ్లాయో లేదో, తాడు బిగిసింది. నేనేమీ చేయలేదని చెప్పను. లాగాను, చుట్టాను, చేప ఒడ్డుకు రాగానే బొటనవేలు దాని నోట్లో పెట్టి పైకెత్తాను. పచ్చగా, బలంగా ఉంది. తల పులుసుకి, నడుము వేపుడుకి అని లెక్క కూడా వేసుకున్నాను.

బావగారు ఆ బూట్లతో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చారు. టేపు పెట్టి కొలిచారు. పందొమ్మిది అంగుళాలు. "ఒక్కసారి నా చేతికివ్వమ్మా. త్వరగా ఫొటో తియ్యి, దానికి ఊపిరాడదు" అంటూ గ్లవ్స్ తొడుక్కుని, ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు భయంభయంగా పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూడగానే నాకు ఒళ్లు మండింది. సాయంత్రానికి గ్రూపులో ఈయనే పట్టినట్టు ఊరేగుతారని తెలుసు నాకు. ఫోన్ ఎత్తాను. బటన్ నొక్కలేదు.

"అయిందా?"

"అయిందండీ."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చేప తోక ఆడించేదాకా నీళ్లలో పట్టుకుని, వదిలేశారు. తర్వాత ఫొటో చూపించమంటే, "ఏమిటో, పడలేదండీ" అన్నాను. గ్లవ్స్ విప్పి జేబులో పెట్టుకుంటూ, "పర్లేదులే" అన్నారు.

గేటు దగ్గర పెన్సిల్ అందుకుని కార్డు మీద రాశారు: ఒకటి, పందొమ్మిది అంగుళాలు, పట్టింది గెస్ట్. "బావగారూ, గెస్ట్ ముట్టుకోకూడదు కదండీ. మీరే పట్టారని రాసెయ్యండి, ఎవరు చూశారు?" అన్నాను.

"పట్టింది నువ్వేగా" అన్నారు, కార్డు పెట్టెలో వేసేస్తూ.

సాయంత్రం గ్రూపులో ఆయన పెట్టింది ఇదీ: మా మరదలు పందొమ్మిది అంగుళాల బాస్ పట్టింది, ఫొటో లేదు, నమ్మాలి మరి. నవ్వు బొమ్మలు బారులు తీరాయి. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. ఒక్క ముక్క రాయలేదు. రెండు వారాలకు ఉత్తరం వచ్చింది, పర్మిట్ క్యాన్సిల్, మళ్లీ లిస్ట్ చివర నుంచి రమ్మని. ఆయన నన్ను పల్లెత్తు మాటనలేదు.

ఇప్పటికీ ఆ ఆటంటే నాకు చిన్నచూపే. ఆ బూట్లన్నా, ఆ రబ్బరు పురుగులన్నా అంతే. చిన్నచూపు చూడాల్సిన మనిషి మాత్రం ఆ రోజు గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

పొద్దున్న ఫోన్ పెట్టేయబోతూ బావగారు అడిగారు, "ఫోన్ మార్చావా అమ్మా? అప్పుడు పాతదాంట్లో పడలేదు కదా."

"మార్చాను బావగారూ" అన్నాను.

ఈ ఆరేళ్లలో రెండు ఫోన్లు మారాయి. ఆ పాత ఫోన్‌లో ఏ లోపమూ లేదని చెప్పడానికే నాకింకా టైము చిక్కలేదు.