తాతయ్య చూసొచ్చిన ఇంగ్లీషు పిక్చరు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా చర్చివాళ్లకు సినిమా హాలున్న వీధిలో నడవడమే తప్పు. ఎవరైనా సినిమాకు వెళ్లారని తెలిస్తే ఆ నెల వాళ్లు ప్రభువు బల్లలో, అంటే యేసు పేరిట అందరూ రొట్టె పంచుకునే ఆరాధనలో, పాలు పుచ్చుకోకూడదు. రొట్టె పళ్లెం వరసలో వస్తే ముట్టుకోకుండా పక్కవారికి అందించేయాలి. సంఘమంతా చూస్తుండగా అలా అందించడం కన్నా చెంపదెబ్బ తినడమే నయం. ఆ కట్టుబాటు పెట్టింది సంఘపెద్ద అయిన మా తాతయ్యే.

పక్కింటి అక్క నర్సు ట్రైనింగు పూర్తిచేసి వచ్చిన ఏడాది అది. మాకవరపాలెం అబ్బాయితో పెళ్లి కుదిరింది. మా చర్చిలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. రేపో మాపో మొదటిసారి చదవాలనగా, అక్క స్నేహితురాళ్లతో కలిసి ఒక ఇంగ్లీషు పిక్చరుకు వెళ్లిందని గుప్పుమంది. ఆ సినిమా పేరు ఊళ్లో ఎవరూ విన్నది కాదు, కాలేజీ కుర్రాళ్లకు కూడా తెలియదు. తెలిసిందల్లా బస్టాండు గోడ మీది పోస్టరు. గుర్రం పక్కన టోపీ పెట్టుకున్న మగాడు, జుట్టు విరబోసుకున్న అమ్మాయి, ఇద్దరి ముఖాల మధ్య వేలు పట్టేంత సందు లేదు. అది చాలదా మరి! బూతు సినిమా చూసిన పిల్ల పేరు చర్చిలో ఎలా చదువుతామని పెద్దలంతా మా వరండాలో కూర్చుని తేల్చేశారు. తాతయ్యా తలూపాడు. పేరు చదవకపోతే పెళ్లి ఆగిపోయినట్టే.

ఆ సాయంత్రం అక్క వచ్చి మా గుమ్మంలో నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"తాతగారూ, సినిమాకెల్లడం తప్పే, ఒప్పుకుంతాను. బల్ల మానేస్తాను. కానీ బూతన్నారు. మీరు సూసేరేటండీ?"

అంత మాట అడిగి వెళ్లిపోయింది. తాతయ్య ఆ పూట అన్నం కెలికి వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టి, గొడుగు పట్టుకుని, "ఒలే, బేగి తయారవ్వే. ఆ పిక్చరేటో సూసొచ్చేద్దాం" అన్నాడు. ఏ మాటకైనా ఇద్దరు సాక్షులుండాలన్నది ఆయన పద్ధతి. రెండో సాక్షిగా ఇంట్లో ఇంకెవరూ ఒప్పుకోక నేను దొరికాను. మామ్మ తలుపు వెనకాల తల బాదుకుంది.

సందుల్లోంచి పోదామని బతిమాలాను. ఆయన నడిరోడ్డు మీదే నడిచాడు. పైగా ఎదురైన ప్రతివారికీ ఎక్కడికి వెళ్తున్నామో తానే చెప్పాడు. టికెట్ల దగ్గర మా లెక్కల మాస్టారు కనబడ్డారు. నేను గొడుగు లాక్కుని విప్పి దాని చాటున నక్కాను. మాస్టారు అప్పటికే గోడవైపు తిరిగిపోయారు. హాల్లో మా చుట్టూ అందరూ మగవాళ్లే.

సినిమాలో ఎండిపోయిన పొలం, ఒక చెక్క ఇల్లు, జబ్బుపడ్డ భార్య. ఆ టోపీ మనిషి ఆమె మందు కోసం గుర్రమెక్కి కొండలు దాటి పోతాడు. ఆమె కిటికీలోంచి దారి చూస్తూ ఉంటుంది. ఇంగ్లీషు మాకు అందలేదు, కథ మాత్రం అందింది. పోస్టరు మీది ముద్దు చిట్టచివర వచ్చింది. అది మొదలయ్యేలోపే తాతయ్య కండువా నా ముఖం మీద పడింది. కండువా అంచులోంచి తొంగిచూస్తే ఆయన అరచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంకేదో ఉంటుందని వచ్చిన వెనక బెంచీలవాళ్లు తిట్టుకుంటూ లేచిపోయారు.

ఇంటి మెట్ల దగ్గర తాతయ్య ఆగి, "ఆ పిల్లని ఎంత మాటన్నామే" అన్నాడు.

ఆదివారం చర్చిలో, ఎవరి అనుభవం వాళ్లు సంఘానికి చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఆయన లేచి నిలబడ్డాడు. సినిమాకు వెళ్లానన్నాడు. అందులో ఉన్నది ఆలుమగల ప్రేమేనన్నాడు. "సూడకుండా ఆడపిల్లని మాటన్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు సినిమా సూసినందుకు కాదు" అని కూర్చున్నాడు. పాస్టరుగారు అక్క పేరు, ఆ అబ్బాయి పేరు చదివి, అభ్యంతరం ఉందా అని అడిగారు. ఎవరూ లేవలేదు.

తర్వాత రొట్టె పళ్లెం వచ్చింది. తాను పెట్టిన కట్టుబాటే కదా, తాతయ్య ముట్టుకోకుండా అందించేశాడు. ఆడవాళ్ల వైపు అక్క కూడా అందించేసింది. ముందు చాప మీద పిల్లల్లో కూర్చున్న నాకు తలెత్తే ధైర్యం లేదు. కాసేపటికి ఎత్తి చూస్తే, మా వరండాలో కూర్చున్న పెద్దల్లో ఒకాయన పళ్లెం వంక చూసి చూసి పక్కకు అందిస్తున్నాడు. ఆయన జన్మలో సినిమా హాలు గడప తొక్కలేదు. మిగతావాళ్లు తీసుకున్నారు.

గొడుగు చాటున నక్కినందుకు ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి, ఎవరూ పేరు వినని ఇంగ్లీషు ప్రేమ సినిమా ఏదో చూడనా అని అడిగింది. ఫోనులో దాని పోస్టరు చూసి వద్దనేశాను. అది ఫోను తీసుకుని వెళ్లిపోతుంటే అక్క మా గుమ్మంలోంచి వెళ్లిపోవడం గుర్తొచ్చింది. వెనక్కి పిలిచి, ఇద్దరం కలిసి చూద్దాం రమ్మన్నాను.

ఇప్పుడు మా చర్చిలో సినిమాల ఊసు ఎవరూ ఎత్తరు. నేను మాత్రం పళ్లెం నా వరసకు వచ్చేసరికి, ఈ నెల చూడకుండా ఎవరినేమన్నానో వెతుక్కుంటాను. చాలా నెలలు పక్కావిడకు అందించేస్తాను.