బుచ్చవ్వ చిలప పరీక్ష

ఆమె పూర్తి పేరు దూస బుచ్చవ్వ. నేనామెను మొదట చూసినది 1957లో, హుజూరాబాద్ నేతవాడలో ఒక చేనేత సహకార సంఘపు కార్ఖానా వాకిట్లో. అప్పటికి నేను ఆ ఊరి బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిని. కొత్తగా చేర్చుకొనే పనివారికి వ్రాతపరీక్ష పెట్టవలసిందని సంఘాధ్యక్షుడు కైలాసంగారు కోరగా, ఇరవై ప్రశ్నలు శుభ్రంగా వ్రాసుకొని వెళ్లాను. వాకిట్లో అరవై దాటిన ఒక స్త్రీ కూర్చొని, మంచి నూలు చిలపలను, ఆ దారపు చుట్టలను, ఒక్కొక్కటిగా విప్పి, వ్రేళ్లతో కలిపి, కావాలనే చిక్కుపెడుతున్నది. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను.

"ఎందుకమ్మా, వాటినలా చెడగొడుతున్నావు?"

ఆమె తల యెత్తి నా చేతిలోని కాగితాలను చూసింది. "నువ్వు గవి ఎందుకు రాసుకొచ్చినవో నేను గందుకే చేస్తున్న, పంతులమ్మా. నీ పరీక్ష కాయితం మీద, నాది చిలప మీద."

నేనూ ఆమెను అలాగే పలకరించానన్నది మరచి, మొదటి మాటలోనే నన్ను 'నువ్వు' అన్నందుకు నొచ్చుకున్నాను.

పనివారిని ఎంచడంలో ఆమె పద్ధతి ఇది. పనికి వచ్చినవారిని అరుగు మీద వరుసగా కూర్చోబెట్టి, తలా ఒక చిక్కు చిలప ఇచ్చేది. తాను ఎదురుగా రాట్నం పెట్టుకొని కండెలు చుడుతూ, గంటసేపు వారిని ఓరకంట చూసేది. ఒకరు ముందు కొస కోసం వెదికేవారు, ఒకరు పట్టి లాగేవారు, ఒకరు తన చిలప వదిలి పక్కవారి దానిలో చేయి పెట్టేవారు. విప్పినదెంత అని ఆమె ఏనాడూ అడుగలేదు.

ఆ రోజు నా పరీక్షలో రామచంద్రం అనే యువకునికి ఎనభైనాలుగు మార్కులు వచ్చాయి. ఆదిలాబాద్ వైపునుండి వచ్చిన అంబదాస్‌కు ముప్పైయొకటి. కైలాసంగారు నా జాబితాను మర్యాదగా చూసి, మడిచి, జేబులో పెట్టుకొని, బుచ్చవ్వ వైపు తిరిగారు.

"ఏమంటవ్, అవ్వా?"

"గా అంబదాస్ కొస దొరకవట్టి కాలి బొటనవేలికి కట్టుకున్నడు. గంట దాక తల ఎత్తలే. పడుగు పనికి పెట్టు. గీ రామచంద్రం పోగు తెగితే తొడకింద దాసిండు."

"అయితే వద్దంటవా?"

"వద్దని ఎవలన్నరు? పిల్లగాడు భయపడ్డడు, గంతే. పక్కన ఒక పెద్దమనిషిని కూసోబెట్టు, ఒక్కన్ని ఇడువకు. మంచిగనే నేస్తడు."

ఇద్దరినీ ఆమె చెప్పినట్లే నియమించారు. ఇద్దరూ నిలదొక్కుకున్నారు. ఆ రెండేళ్లలో నేను నాలుగుమార్లు ప్రశ్నపత్రాలు తయారుచేశాను. నాలుగుమార్లూ నా జాబితా జేబులోకి వెళ్లింది, ఆమె మాట అమలులోకి వచ్చింది. నాకు కలిగినది అసూయే. దానికి మరొక పేరు పెట్టి నన్ను నేను మోసగించుకోను. అక్షరం ముక్క రాని మనిషిని ఊరు ఊరంతా అడుగుతున్నదన్న తలపు, పాఠం చెబుతూ ఉండగా కూడా నన్ను గిల్లేది.

1959లో సంఘానికి ఒక స్త్రీ కావలసివచ్చింది. ఇరవై ఇళ్లకు నూలు పంచి, ఆడవాళ్లు చుట్టిన కండెలు తెచ్చే పని. మరొక స్త్రీ పడుగు గదిలో, నిలువు పోగులు సరిచేసే సాయానికి కావాలి; అది తల యెత్తకుండా ఒక్కతే కూర్చొని చేసే పని. నా చెల్లెలు నర్మద ఇంట్లోనే ఉన్నది. అమ్మ పోయిన నాటినుండి నేనే పెంచిన పిల్ల. ఉపాధ్యాయ శిక్షణకు రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తిరిగివచ్చాక, మాటలు తగ్గించి, కిటికీ దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకున్నది. ఈ రెంటిలో ఏదో ఒకటి రాకపోతే ఇక గడప దాటదని నాకు భయం పట్టుకున్నది. బుచ్చవ్వను గెలవాలన్న కోరిక కూడా ఉన్నది.

బజారులో ఒక చిలప కొని తెచ్చి, మూడు సాయంత్రాలు నర్మదకు నేర్పాను. "ముందు కొస పట్టుకో. బొటనవేలికి కట్టుకో. తల యెత్తకు, ఎవరితోనూ మాట్లాడకు." మూడవనాటికి పిల్ల అరగంటలో విప్పింది.

పరీక్షనాడు నర్మద అందరికన్న ముందు విప్పి, చిలపను మడిచి ఒడిలో పెట్టుకున్నది. పనికోసమే వచ్చి పక్కన కూర్చున్న పోశవ్వ "జర గిది చూడు, బిడ్డా" అని బ్రతిమిలాడినా కన్నెత్తలేదు. నేను గుమ్మంలో నిలిచి బుచ్చవ్వ ముఖం చూస్తున్నాను. ఆమె రాట్నం ఆపింది.

"గిది గీ పిల్ల చెయ్యి కాదు. గిది మా అంబదాస్ చెయ్యి." నా వైపు తిరిగింది. "మంచిగ నేర్పినవ్, పంతులమ్మా."

ముఖం వేడెక్కింది. "పరీక్షకు సిద్ధపడి రావడం తప్పా?"

"తప్పెందుకైతది? నీ బడి పరీక్షకైతే చదువుకునే రావాలె. ఈడ నేను మనిషిని చూడాలె. నువ్వు చదివించి తోలితే నాకు నువ్వు కనవడుతవ్, పిల్ల యాడ కనవడుతది? గిట్లనే తీసుకుంటే పడుగు గదిల ఒక్కదాన్ని కూసోబెడుత. ఆడ ఉంటదా నీ చెల్లె?"

నర్మద తల వంచుకున్నది.

"రేపు అందరికి మళ్ల పెడుత. పిల్లను తోలు. నువ్వు రాకు."

ఆ రాత్రి నర్మద అన్నం ముట్టలేదు. తెల్లవారి ఒంటరిగా వెళ్లింది. మధ్యాహ్నం తిరిగివస్తూ వీధి మలుపునుండే చెప్పడం మొదలుపెట్టింది: పోగు రెండుచోట్ల తెంపినదట, నవ్వు వచ్చిందట, తనది పోశవ్వకిచ్చి ఆమెది తాను తీసుకున్నదట, వాళ్లింట్లో ఎందరు, ఎవరి రాట్నం విరిగింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ తెలుసుకున్నదట.

"మరి బుచ్చవ్వ యేమన్నది?"

"ఇరవై ఇండ్లు తిరిగే పనికి గీ నోరే గావాలె అన్నది, అక్కా. సోమవారం నుండి రమ్మన్నది."

నేను సంతోషించాను. అదే క్షణంలో లోపల మరొకటి మెదిలింది. ఇరవై రెండేళ్లు నా కళ్లముందు పెరిగిన పిల్ల ఎలాంటిదో ఆమె ఒక్క పూటలో కనిపెట్టింది. నేను మాత్రం నర్మదను రెండుసార్లు శిక్షణకు పంపి, మూడవసారి పడుగు గదికి పంపబోయాను.

అటుతర్వాత మా ఇంట ప్రతి అన్నం ముద్దకూ బుచ్చవ్వ పేరే. అవ్వ ఇట్లన్నది, అవ్వ అట్లన్నది. చెల్లెలు నవ్వుతున్నందుకు ఆనందం, ఆ నవ్వు నా చేతి మీదుగా రానందుకు కినుక. ఎనిమిదేళ్లు ఈ రెండూ నాతో ఒకే కంచంలో తిన్నాయి. ప్రశ్నపత్రాలు తయారుచేయడం మానుకున్నాను. పిలిచినా, తీరిక లేదని చెప్పేదాన్ని.

1967 ఎండాకాలంలో బుచ్చవ్వ మంచం పట్టింది. చూపు అంతకుముందే పోయింది. నర్మద రోజూ వెళ్లి గంజి తాగించి వచ్చేది. ఒకనాడు "అవ్వ నిన్ను రమ్మంటున్నది" అని చెప్పింది. రెండు రోజులు ఏదో ఒక సాకు చెప్పి, మూడవరోజు వెళ్లాను.

నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది. "పంతులమ్మనా? గింత ఆలస్యం చేసినవ్. నా మీద కోపం ఇంక పోలేదా?"

"కోపం కాదు, బుచ్చవ్వా."

"నాకు తెలుసు, ఏందో. గా దినం గుమ్మంల నిలవడ్డప్పుడే చూసిన." ఆమె నవ్వబోయి దగ్గింది. "ఫికర్ చెయ్యకు. నీ చెల్లె నా దగ్గర కూసుండి చెప్పేటియన్నీ నీ ముచ్చట్లే. అక్క గిట్ల రాయమంటది, అక్క గట్ల మాట్లాడమంటది. ఇని ఇని నాకే కుళ్లు పుట్టింది."

ఆమె దుప్పటి కింద చేతులు కదుపుతూ ఉన్నది. కాసేపటికి ఒక చిలపను బయటికి తీసింది. చూపు లేకపోయినా, వ్రేళ్లతోనే గట్టిగా చిక్కుపెట్టింది. దానిని తడుముకుంటూ నా ఒడిలో పెట్టింది.

"పదేండ్ల సంది అందరి చేతులు చూసిన. నీదే చూడలే. కండ్లు లేవు గద, నా చెయ్యి నీ చేతి మీద పెడుత. జర విప్పు, పంతులమ్మా."